కొలిమిలో పడ్డాక విడదీయలేం: పాత లోహాన్ని గుర్తించడం వెనుక ఉన్న లెక్క

పాత సామాన్ల దుకాణంలో కాటా ఒక్కటే ఉంటుంది, ధరలు మాత్రం పాతిక ఉంటాయి. రాగి అనుకుని తీసుకువెళ్లిన తీగల కట్టను దుకాణదారు మూడు కుప్పలుగా విడదీసి మూడు ధరలు చెబుతాడు. స్టీలు గిన్నెకు అయస్కాంతం తగిలించి, ఇది ఇనుము కిందికే వస్తుందంటాడు. తళతళలాడే కుళాయిని అరచేతిలో ఒకసారి ఎగరేసి చూసి పక్కన పడేస్తాడు. అమ్మేవారికి ఇదంతా బేరం తగ్గించే ఎత్తుగడలా కనిపిస్తుంది. కొన్నిచోట్ల అది నిజం కూడా కావచ్చు. అయినా ఆ కుప్పలు ఊరికే పుట్టినవి కావు. ఏ లోహాన్ని దేనితో కలిపి కరిగించవచ్చు, ఏది కలిస్తే మళ్లీ బయటికి రాదు అన్న ప్రశ్నకు కొలిమి దగ్గర దొరికిన జవాబులే దుకాణంలో కుప్పలుగా మారాయి.

ఈ వ్యాపారం కొంతకాలంగా వార్తల్లో నలగడానికి కారణం వరుసగా వచ్చిన నిబంధనలు. రిజిస్ట్రేషన్ లేని వ్యక్తి నుంచి లోహపు తుక్కు కొంటే, రిజిస్ట్రేషన్ ఉన్న కొనుగోలుదారే జీఎస్టీ చెల్లించాలన్న పద్ధతి 2024 అక్టోబర్ 10 నుంచి అమల్లోకి వచ్చింది. కాలం చెల్లిన వాహనాలకు సంబంధించిన ప్రత్యేక నియమాలు 2025 ఏప్రిల్ 1న మొదలయ్యాయి. అల్యూమినియం, రాగి, జింకు వస్తువులు తయారుచేసేవారే వాటి తుక్కు పునర్వినియోగానికి బాధ్యత వహించాలనే నియమాలను కేంద్రం 2025 జూలైలో ప్రకటించి, వాటి అమలుకు 2026 ఏప్రిల్ 1ని గడువుగా పెట్టింది. ఈ మూడింటిలోనూ తుక్కు అన్న ఒక్క మాటే కనిపిస్తుంది కానీ, ఆ మాట కింద ఎన్ని వేర్వేరు పదార్థాలు ఉన్నాయో తెలియకపోతే ఆ నిబంధనల మీద జరుగుతున్న వాదన అర్థం కాదు.

తుక్కు ఎక్కడి నుంచి వస్తుంది

తుక్కుకు మూడు పుట్టిళ్లు ఉన్నాయి. ఉక్కు కర్మాగారంలోనే మిగిలిపోయి అక్కడే తిరిగి కరిగిపోయేది మొదటిది. వస్తువులు తయారుచేసే చోట రేకు కత్తిరించగా మిగిలిన ముక్కలు, లేత్ యంత్రం మీద వచ్చే తురుము రెండోది. వాడి పారేసిన సైకిలు, పంపుసెట్టు, ఫ్రిజ్, లారీ మూడోది. మొదటి రెండింటిలో ఏ లోహం ఉందో తయారుచేసినవాడికి ముందే తెలుసు కాబట్టి, కలవకుండా దాచుకుంటే చాలు. గుర్తించవలసిన పని అంతా మూడో రకంలోనే ఉంది. ఇరవై ఏళ్ల కిందటి పంపుసెట్టులో ఏముందో చెప్పే కాగితం ఎవరి దగ్గరా ఉండదు.

ఇనుము ఉన్నవి, లేనివి అన్నది వ్యాపారంలో మొదటి విభజన. ఇనుము వైపు మామూలు ఉక్కు, పోత ఇనుము, స్టెయిన్‌లెస్ స్టీలు ఉంటాయి. స్టెయిన్‌లెస్ స్టీలుకు అందులోని నికెల్, క్రోమియం వల్ల విడి ధర ఉంటుంది. రెండో వైపు రాగి, ఇత్తడి, కంచు, అల్యూమినియం, సీసం, జింకు వస్తాయి. బరువులో ఇనుముదే పెద్ద వాటా, కిలో ధరలో మాత్రం రెండో వైపుదే పైచేయి.

ఇంత శ్రమ ఎందుకు పడతారంటే, ఖనిజం నుంచి లోహం తీయడం కంటే పాత లోహాన్ని కరిగించడం చాలా చవక. ఒక టన్ను తుక్కు వాడితే 1.1 టన్నుల ఇనుప ఖనిజం, 630 కిలోల కోకింగ్ బొగ్గు, 55 కిలోల సున్నపురాయి ఆదా అవుతాయని కేంద్ర ఉక్కు మంత్రిత్వ శాఖ 2019లో ప్రకటించిన తుక్కు విధానం లెక్కగట్టింది. అల్యూమినియంలో తేడా ఇంకా పెద్దది. పాతదాన్ని కరిగించడానికి అయ్యే శక్తి, ఖనిజం నుంచి కొత్తగా తీయడానికి అయ్యేదానిలో 5 శాతం చుట్టుపక్కలే ఉంటుంది.

కొలిమి ఏం చేయగలదు, ఏం చేయలేదు

లోహాన్ని కరిగిస్తే మలినాలన్నీ తేలిపోయి శుద్ధమవుతుందని చాలామంది అనుకుంటారు. బంగారం విషయంలో చూసిన అనుభవం ఆ నమ్మకాన్ని బలపరిచి ఉండవచ్చు. నిజానికి కొలిమిలో ఏది విడిపోతుందో ఏది విడిపోదో నిర్ణయించేది ఆక్సిజన్ మీద ఒక్కో లోహానికి ఉన్న మక్కువ.

కరిగిన ఇనుములోకి ఆక్సిజన్ ఊదినప్పుడు, ఇనుము కంటే ఎక్కువ మక్కువ ఉన్న సిలికాన్, మాంగనీస్, అల్యూమినియం ముందుగా మండిపోయి, కరిగిన లోహం మీద తేలే మడ్డి అయిన చిట్టెంలో కలుస్తాయి. జింకు 907 డిగ్రీల దగ్గరే మరిగి ఆవిరై, పొగగొట్టం ధూళిలోకి వెళ్లిపోతుంది. రాగి, తగరం, నికెల్‌లకు ఆ మక్కువ ఇనుము కంటే తక్కువ. వాటిని మండించి తొలగించాలంటే అంతకుముందే కొలిమిలోని ఇనుమంతా మండిపోవాలి. అంటే ఒకసారి ఉక్కులో కలిసిన రాగిని సాధారణ ఉక్కు తయారీ పద్ధతుల్లో వెనక్కి తీయడం సాధ్యం కాదు. ఆ ఉక్కు మళ్లీ తుక్కై మళ్లీ కరిగినా రాగి అందులోనే ఉంటుంది.

దానివల్ల నష్టం దిమ్మెను ఎర్రగా కాల్చి రోలింగ్ మిల్లులో సాగదీసేటప్పుడు బయటపడుతుంది. పైపొరలోని ఇనుము గాలికి పొట్టుగా మారిపోతుంటే, ఆ పొట్టు కింద రాగి పోగుపడుతుంది. 1,085 డిగ్రీలకే కరిగే ఆ రాగి ఉక్కు రేణువుల సందుల్లోకి జారుతుంది. రోలర్ల ఒత్తిడికి అక్కడ పగుళ్లు వస్తాయి. లోహ నిపుణులు దీన్ని వేడి పెళుసుదనం అంటారు. కాంక్రీటులో వేసే కడ్డీ సుమారు 0.4 శాతం రాగిని ఓర్చుకుంటుందని, కారు తలుపుల వంటి లోతైన వంపులు తిరిగే రేకుకు 0.06 శాతమే హద్దని పరిశోధకులు చెబుతారు.

అల్యూమినియం కథ మరీ కఠినం. ఆక్సిజన్ కోసం ముందుగా పరుగెత్తేది అల్యూమినియమే కాబట్టి, అందులో కలిసిన ఇనుము, సిలికాన్, రాగి, జింకు ఏవీ మండి బయటపడవు. మెగ్నీషియం వంటి ఒకటి రెండింటిని మాత్రమే తీయగలరు. రాగి సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. రాగిలోని మలినాలు సులువుగా మండిపోతాయి, మిగిలినవి విద్యుద్విశ్లేషణలో విడిపోయి 99.99 శాతం శుద్ధమైన రాగి చేతికి వస్తుంది. మసిబారిన రాగికి కూడా మంచి ధర పలకడం, పలురకాలు కలిసిన అల్యూమినియం ధర ఒక్కసారిగా పడిపోవడం వెనుక ఉన్న రసాయనం ఇదే.

అయిదు మోటార్లు, పది టన్నుల ఉక్కు

ఒక పాత విద్యుత్ మోటారు 20 కిలోలు ఉందనుకుందాం. అందులో పోత ఇనుము, ఉక్కు రేకులు, ఇరుసు కలిపి 18 కిలోలు, రాగి తీగచుట్ట (వైండింగ్) 2 కిలోలు. లెక్క కోసం ఇనుము కిలో 30 రూపాయలు, రాగి కిలో 700 రూపాయలు అనుకుంటే, విప్పకుండా ఇనుము ధరకు అమ్మినప్పుడు 600 రూపాయలు వస్తాయి. విప్పి అమ్మితే ఇనుముకు 540, రాగికి 1,400, మొత్తం 1,940. మూడు రెట్లకు పైగా ఉన్న ఈ తేడాలోంచే విప్పే కార్మికుడి కూలీ, దుకాణదారు లాభం పుడతాయి. సమాజానికి మేలు చేద్దామనే ఉద్దేశం ఎవరికీ లేకపోయినా ఈ పని నడిచిపోవడానికి ఈ తేడా చాలు.

ఇదే మోటారును కొలిమి వైపు నుంచి చూద్దాం. ఒక విడతకు 10 టన్నుల ఉక్కు కరిగించే కొలిమిలో ఇలాంటి మోటార్లు అయిదు విప్పకుండా పడ్డాయనుకుందాం. వాటి బరువు 100 కిలోలు, అంటే మొత్తంలో వందో వంతు. వాటితో వచ్చిన రాగి 10 కిలోలు. ఉక్కులో రాగి 0.1 శాతం పెరిగింది. అవే ఇరవై మోటార్లయితే కడ్డీకి ఉన్న 0.4 శాతం హద్దు అక్కడికక్కడే నిండిపోతుంది. కారు రేకు చేయదలచుకుంటే మూడు మోటార్లకే హద్దు నిండుతుంది, నాలుగోది పడితే 10 టన్నుల మాలూ ఆ పనికి పనికిరాకుండా పోతుంది.

తెలుగు రాష్ట్రాల్లో కడ్డీలు చేసే చిన్న మిల్లులకు ఈ లెక్క మరింత దగ్గరది. ఇటువంటి మిల్లుల్లో ఎక్కువగా కనిపించే ఇండక్షన్ కొలిమికి లోపలి పూత సాధారణంగా సిలికాతో వేస్తారు. సున్నంతో చేసే చిట్టెం ఆ పూతను తినేస్తుంది కాబట్టి, పెద్ద ఆర్క్ కొలిముల్లో తీయగలిగే భాస్వరాన్ని, గంధకాన్ని కూడా ఇక్కడ సరిగా తీయలేరు. లోపలికి ఏది వేస్తే దాదాపు అదే బయటికి వస్తుంది. తుక్కులోని రాగిని పలుచన చేయడానికి ఖనిజం నుంచి నేరుగా వచ్చే స్పాంజ్ ఇనుమును కలుపుతారు. అది రాగిని తొలగించడం కాదు, చారులో ఉప్పు ఎక్కువైతే నీళ్లు పోయడం లాంటిది.

అయస్కాంతం మాట ఎంతవరకు నమ్మవచ్చు

మొదటి పరీక్ష ఎక్కడైనా అయస్కాంతమే. అంటుకుంటే ఇనుము, అంటుకోకపోతే విలువైనది అన్న సూత్రం పదిసార్లలో తొమ్మిదిసార్లు పనిచేస్తుంది. ఇత్తడి రంగు పూసిన ఇనుప తలుపు పిడి, రాగి పూత ఉన్న ఉక్కు తీగ అక్కడే పట్టుబడతాయి. చిక్కు వచ్చేది పదోసారి.

స్టెయిన్‌లెస్ స్టీలు అన్నది ఒక లోహం పేరు కాదు, ఒక కుటుంబం పేరు. 304 అనే రకంలో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం చొప్పున ఉంటాయి, అయస్కాంతం అంటదు. 430 అనే రకంలో క్రోమియం ఉంటుంది కానీ నికెల్ దాదాపు ఉండదు; అయస్కాంతం గట్టిగా అంటుతుంది. మన దేశంలో గిన్నెలకు, గ్లాసులకు విరివిగా వాడే 200 శ్రేణి రకాల్లో ఖరీదైన నికెల్‌ను తగ్గించి దాని బదులు మాంగనీస్ పెంచుతారు. వీటికీ అయస్కాంతం అంటదు, కానీ వీటి తుక్కు విలువ 304 కంటే బాగా తక్కువ. కాబట్టి అంటుకున్నదంతా మామూలు ఇనుము కాదు, అంటనిదంతా 304 కాదు. పైగా 304 రేకును చల్లగా ఉండగానే లోతుగా వంచినప్పుడు వంపుల దగ్గర దాని లోపలి అమరిక మారి కొంచెం అయస్కాంత గుణం వస్తుంది. సింకు మధ్యలో అంటని అయస్కాంతం మూలల్లో మెల్లగా పట్టుకోవడం అందువల్లే. అంతమాత్రాన అమ్మినవాడు మోసం చేశాడనుకోనక్కరలేదు. 304నీ 200 శ్రేణినీ వేరు చేయడానికి దుకాణాల్లో ఒక చుక్క రసాయనం వేసి, చిన్న బ్యాటరీ తగిలించి, రంగు మారుతుందేమో చూస్తారు.

ఇండక్షన్ పొయ్యి మీద పెట్టే గిన్నె ఇంకో రకం తలనొప్పి. అడుగున అయస్కాంతం అంటుకునే స్టీలు పొర, దానిపైన వేడిని పరిచే అల్యూమినియం పొర, లోపల అంటని స్టీలు పొర కలిపి ఒత్తి ఉంటాయి. వాడకానికి ఎంత సుఖమో విడదీయడానికి అంత కష్టం. మరో విచిత్రం కంకర క్రషర్ల దవడ పలకలది. అందులో 12 శాతానికి పైగా మాంగనీస్ ఉండే ఉక్కు వాడతారు. అది తుప్పు పడుతుంది, చూడడానికి అచ్చం ఇనుమే, కానీ అయస్కాంతానికి లొంగదు. నికెల్ విషయం దీనికి వ్యతిరేకం: ఇనుము కాకపోయినా అయస్కాంతం అంటుతుంది.

రంగు, గీత, రవ్వ, మోత

అయస్కాంతం తేల్చనిదాన్ని కన్ను తేలుస్తుంది, అయితే పైపై రంగును చూసి కాదు. ఆకురాయితో ఒక గీత గీసి కింద మెరిసే రంగు చూడాలి. ఎర్రగా ఉంటే రాగి, పసుపుగా ఉంటే ఇత్తడి. తగరం పూసిన రాగి తీగ బయటికి అల్యూమినియంలా తెల్లగా కనిపిస్తుంది, కోసిన కొసలో ఎరుపు బయటపడుతుంది. రాగి పూసిన అల్యూమినియం తీగ బయటికి ఎర్రగా ఉండి కొసలో తెల్లబడుతుంది. చవక వైండింగ్‌లలో, కేబుళ్లలో ఈ రెండోది కనిపిస్తుంటుంది. కళాయి పోసిన ఇత్తడి గిన్నె లోపలి తెలుపు చూసి ఇదేదో వేరే లోహమనుకున్నవారు, గిన్నెను తిరగేస్తే చాలు.

ఉక్కులో ఉక్కుకు తేడా చెప్పేది సాన మీద రాలే నిప్పురవ్వ. కార్బన్ తక్కువ ఉన్న మామూలు ఉక్కు పొడవైన పసుపుపచ్చని గీతల్లా రవ్వలు చిమ్ముతుంది, చిట్లడం తక్కువ. కార్బన్ పెరిగే కొద్దీ గీతలు చివర్లలో చీలి, కాకరపువ్వొత్తిలా విరబూస్తాయి. పోత ఇనుము రవ్వలు సాన దగ్గర ఎర్రగా, పొట్టిగా ఉంటాయి. స్టెయిన్‌లెస్ స్టీలు రవ్వలు నారింజ రంగులో, పెద్దగా చీలకుండా రాలతాయి. రాగి, ఇత్తడి, అల్యూమినియం రవ్వలే ఇవ్వవు. టైటానియం మాత్రం కళ్లు మిరుమిట్లు గొలిపే తెల్లని రవ్వలు చిమ్మి, తనను అల్యూమినియం అనుకున్నవారిని ఉలిక్కిపడేలా చేస్తుంది.

చెవి కూడా పనిముట్టే. కంచులో రాగి సుమారు 78 శాతం, తగరం 22 శాతం. తట్టితే మోత సాగుతూ పోతుంది. రాగి, జింకు కలిసిన ఇత్తడి మోత త్వరగా ఆగిపోతుంది. తగరం జింకు కంటే చాలా ఖరీదైనది కాబట్టి, పాత గంటనూ పాత చెంబునూ ఒకే కుప్పలో వేస్తే నష్టపోయేది గంట తెచ్చినవారే.

నీటిలో తూచిన రెండు కుళాయిలు

పూత మెరుపు వెనుక ఏముందో పగలగొట్టకుండా తెలుసుకోవడానికి ఉన్న పాత ఉపాయం ఆర్కిమిడీస్ సూత్రం. ఒక వస్తువును గాలిలో ఒకసారి, దారంతో వేలాడదీసి నీటిలో పూర్తిగా ముంచి ఇంకోసారి తూచాలి. నీటిలో తగ్గిన బరువుతో గాలిలోని బరువును భాగిస్తే సాంద్రత వస్తుంది.

క్రోమియం పూత ఉన్న రెండు కుళాయిలు, లోపలి రబ్బరు, ప్లాస్టిక్ ముక్కలు తీసేశాక, చెరి 420 గ్రాములు తూగాయనుకుందాం. మొదటిది నీటిలో 370 గ్రాములు చూపించింది. తగ్గినది 50, 420ని 50తో భాగిస్తే 8.4. అది ఇత్తడి. రెండోది నీటిలో 357 చూపించింది. తగ్గినది 63; భాగిస్తే దాదాపు 6.7. అది అచ్చులో పోసిన జింకు మిశ్రమం. బరువు ఒకటే, మెరుపు ఒకటే, ధర మాత్రం ఇత్తడి కుళాయికి ఎంతో ఎక్కువ. దుకాణదారు అరచేతిలో ఎగరేసి చూసేది ఈ లెక్కనే. పదేళ్లుగా లోహాలు ఎత్తి దించిన చేతికి భాగహారం అక్కరలేదు.

పోల్చుకోవడానికి కొన్ని సాంద్రతలు: మెగ్నీషియం 1.74, అల్యూమినియం 2.7, జింకు 7.14, ఇనుము 7.87, రాగి 8.96, సీసం 11.34. రాగి పూసిన అల్యూమినియం తీగ 3.6 దగ్గర ఉంటుంది కాబట్టి, రాగి తీగతో పోలిస్తే దాని తేలికదనం చేతికే తెలిసిపోతుంది. ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. లోపల గాలి చిక్కుకున్న బోలు వస్తువులకు లెక్క తప్పుతుంది.

పేర్ల గందరగోళం

గుర్తింపులో సగం తగవులు లోహం వల్ల కాదు, పేర్ల వల్ల వస్తాయి. మన ఇళ్లలో చాలాచోట్ల అల్యూమినియం గిన్నెను సిల్వర్ గిన్నె అంటారు, ఇంకొన్నిచోట్ల సత్తు గిన్నె అంటారు. అందులో వెండి రవ్వంత కూడా లేదు. జర్మన్ సిల్వర్ అనే పూజా సామగ్రిలోనూ వెండి లేదు. అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం. ఇక స్టీలు అన్నప్పుడు వంటింట్లో ఒక అర్థం, ఇల్లు కట్టేచోట మరో అర్థం.

అంతర్జాతీయ వ్యాపారంలో ఇలాంటి గొడవ రాకుండా అమెరికా పునర్వినియోగ వ్యాపారుల సంఘం ఒక్కో రకానికి ఒక చిన్న మాట కేటాయించింది. మెరిసే, పూత లేని, మరీ సన్నగా లేని శుద్ధమైన రాగి తీగ బార్లీ. కాస్త మెరుపు తగ్గిన శుభ్రమైన తీగ బెర్రీ. మొత్తం మీద 96 శాతం రాగి ఉండే రెండో రకం తీగ బిర్చ్. పసుపు ఇత్తడికి హనీ, పాత వస్తువులను ముక్కలు చేసే తుంపుడు యంత్రం నుంచి వచ్చే అల్యూమినియం ప్రధానమైన కలగాపులగానికి జోర్బా. మన దేశంలో దిగుమతిదారులు కూడా ఈ మాటలతోనే బేరాలాడతారు.

ఈ విభజన వల్ల అర్థమయ్యే ఒక విషయం ఉంది. ప్లాస్టిక్ తొడుగు ఉన్న తీగను కాల్చి రాగి తీయడం చాలాచోట్ల కనిపించే అలవాటు. కాలిన తీగ నల్లబడి పెళుసుబారుతుంది, సన్నని పోగులు కొంత మాడిపోతాయి; బార్లీగా అమ్ముడుపోవలసినది బిర్చ్ స్థాయికో అంతకంటే కిందికో దిగుతుంది. పీవీసీ మండినప్పుడు వచ్చే హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్ల వల్ల ఆరోగ్యానికి జరిగే హాని దీనికి అదనం. తొడుగు ఒలిచే చిన్న యంత్రం ఉన్నచోట కాల్చడం వ్యాపారంగా కూడా నష్టమే. అయితే వెంట్రుకంత సన్నని తీగలను ఒలవడానికి పట్టే సమయానికి కూలీ గిట్టదు, అందుకే అది ఇంకా ఆగలేదు.

యంత్రం చూపు

పెద్ద పునర్వినియోగ కేంద్రంలో మొత్తం కారును సుత్తుల యంత్రంలో వేసి గుప్పెడు ముక్కలుగా తుంపుతారు. అయస్కాంతపు పీపా ఇనుమును లాగేస్తుంది. మిగిలినదాన్ని వేగంగా తిరిగే అయస్కాంతాల మీదుగా పంపితే, వాహక లోహాల్లో సుడి విద్యుత్తు పుట్టి అవి ఎగిరి అవతల పడతాయి. బరువు తక్కువ, వాహకత ఎక్కువ కాబట్టి అల్యూమినియం అన్నిటికంటే దూరం ఎగురుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు దాదాపు కదలదు. ఆ తర్వాత సాంద్రత సరిచేసిన ద్రవంలో కొన్ని తేలతాయి, కొన్ని మునుగుతాయి. కుళాయిల లెక్కే ఇక్కడ పెద్ద తొట్టెలో జరుగుతుంది.

చేతిలో పట్టుకునే ఎక్స్ రే తుపాకీ ఇప్పుడు మధ్యస్థాయి వ్యాపారుల దగ్గరికీ వచ్చింది. లోహం మీద పెట్టి మీట నొక్కితే కొన్ని సెకన్లలో క్రోమియం ఇంత, నికెల్ ఇంత అని చూపిస్తుంది. దాని జవాబును వేదవాక్కుగా తీసుకోవడం ప్రమాదం. అది చూసేది పైపొరనే, కాబట్టి పూత ఉంటే పూతనే లెక్కిస్తుంది. కార్బన్ వంటి తేలిక మూలకాలు దానికి కనిపించవు. సాన మీద రవ్వ చెప్పే కార్బన్ సంగతి లక్షల ఖరీదు చేసే ఈ తుపాకీకి తెలియదు. లేజర్‌తో పనిచేసే మరో రకం పరికరం ఆ లోటు కొంత తీరుస్తుంది.

పొరపాటు ప్రాణం తీసిన చోట

గుర్తింపు తప్పితే నష్టం ఎప్పుడూ డబ్బు రూపంలోనే ఉండదు. ఢిల్లీ విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర విభాగంలో ఎన్నో ఏళ్లుగా వాడకుండా పడివున్న, గామా కిరణాలు వెలువరించే ఒక పరికరాన్ని 2010 ఫిబ్రవరిలో వేలం వేశారు. అది ఢిల్లీలోని మాయాపురి పాత లోహాల మార్కెట్‌కు చేరింది. సీసపు కవచం విప్పినవారికి లోపలి రేడియోధార్మిక కోబాల్ట్-60 కడ్డీలు మామూలు లోహంగానే కనిపించాయి. ఏప్రిల్‌లో విషయం బయటపడేసరికి పలువురు రేడియేషన్‌కు గురయ్యారు, ఒక కార్మికుడు మరణించాడు. అయస్కాంతం, ఆకురాయి, సాన ఇవేవీ రేడియేషన్‌ను పసిగట్టలేవు. ఓడరేవుల్లోనూ పెద్ద కర్మాగారాల ద్వారాల దగ్గరా లారీలను రేడియేషన్ కొలిచే స్తంభాల మధ్య నుంచి పంపేది ఇందుకే.

మూసివున్న గొట్టాలు, గ్యాస్ సిలిండర్లు, బండి షాక్ అబ్జార్బర్లు విప్పకుండా కొలిమిలో పడితే లోపలి గాలి, నూనె ఒక్కసారిగా వ్యాకోచించి కరిగిన ఉక్కును పైకి చిమ్ముతాయి. సీసం బ్యాటరీలను పెరట్లో పగలగొట్టి కరిగించడం చిన్నపిల్లల మెదడుకు చేసే హాని బాగా తెలిసినదే. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాలు వాటిని మామూలు తుక్కు దారి నుంచి తప్పించాలని చూస్తున్నాయి.

చేతి పనా, యంత్రమా, కాగితమా

ఇప్పుడు నిబంధనల మీద జరుగుతున్న వాదన దగ్గరికి వస్తే, రెండు పక్షాల మాటలోనూ పస ఉంది. లెక్కల్లోకి రాని చిన్న దుకాణాల్లో కార్మికుడికి చేతి తొడుగు ఉండదు, నూనెలు నేలలో ఇంకుతాయి, దొంగ బిల్లులతో పన్ను ఎగవేత జరుగుతుంది కాబట్టి, వ్యాపారం నమోదైన కేంద్రాలకు మారాలన్నది ఒక వాదన. కొనుగోలుదారే పన్ను కట్టే పద్ధతితో పాటు, నమోదైన వ్యాపారుల మధ్య అమ్మకాల్లో 2 శాతం పన్నుగా ముందే మినహాయించే ఏర్పాటు కూడా ఈ ఆలోచనతోనే వచ్చింది.

అవతలి పక్షం చెప్పేది లోహశాస్త్రానికి దగ్గరగా ఉంటుంది. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల పాత లారీని మనిషి బోల్టు బోల్టుగా విప్పినప్పుడు రాగి తీగ వేరుగా, అల్యూమినియం పెట్టె వేరుగా, స్ప్రింగు ఉక్కు వేరుగా వస్తాయి. అదే లారీని తుంపుడు యంత్రంలో వేస్తే ఉక్కు ముక్కలకు రాగి తీగ చుట్టుకుని కొంతయినా కొలిమి వరకు వెళుతుంది. కూలీ ఖరీదైన దేశాల్లో విధిలేక చేసేదాన్ని మనం ఆధునికత పేరుతో తెచ్చుకోవాలా అన్నది వారి ప్రశ్న. తిరిగి వచ్చే పన్నయినా ముందుగా కట్టాలంటే చిన్నవారి పెట్టుబడి నిలిచిపోతుందన్నది వారి రెండో ఫిర్యాదు. నా దృష్టిలో ఇక్కడ విడదీసి చూడవలసినవి రెండు: విప్పే పద్ధతి, విప్పే చోటి పరిస్థితి. చేతితో విప్పడంలో ఉన్న శుద్ధత నిజం, ఆ చేతికి తగిలే సీసం కూడా నిజం. నియమం రెండోదాన్ని మార్చబోయి మొదటిదాన్ని పోగొట్టే అవకాశం లేకపోలేదు.

దిగుమతుల మీద మరో పోటీ నడుస్తోంది. 2025 నాటికి అల్యూమినియం తుక్కు మీద దిగుమతి సుంకం 2.5 శాతం, కొత్త అల్యూమినియం మీద 7.5 శాతం. ఖనిజం నుంచి లోహం తీసే పెద్ద కంపెనీలు తుక్కు మీద కూడా సుంకం పెంచాలని కోరుతున్నాయి. నాణ్యత లేని తుక్కు దేశంలోకి వచ్చి పడుతోందన్నది వారి వాదన. తుక్కు కరిగించే పరిశ్రమలు దేశంలో దొరికేది చాలదని, సుంకం పెంచితే వాహన విడిభాగాల ధర పెరుగుతుందని బదులిస్తున్నాయి.

ఈ వాదనకు విద్యుత్ వాహనాలు ఒక కొత్త మెలిక పెట్టాయి. పలురకాలు కలిసిపోయిన అల్యూమినియం తుక్కుకు ఇంతకాలం పెద్ద ఆశ్రయం పెట్రోలు, డీజిలు ఇంజిన్ల పోత భాగాలు. వాటిలో సిలికాన్ ఎలాగూ ఎక్కువే కాబట్టి, కిటికీ చట్రమూ, పాత గిన్నె, పిస్టనూ కలిసి కరిగినా సరిపోయేది. విద్యుత్ వాహనానికి ఇంజిన్ దిమ్మె ఉండదు. దాని బ్యాటరీ పెట్టెకు, చట్రానికి సాగదీసిన అల్యూమినియం కావాలి, అందులో సిలికాన్, ఇనుము హద్దు దాటకూడదు. ఆ హద్దులో నిలిచే తుక్కు కావాలంటే కిటికీ చట్రాన్ని పిస్టన్‌తో కలవకుండా వేరు చేయవలసిన చోటు కొలిమి కాదు, కాటా పక్కనున్న కుప్ప.